ఆమాకు మూడు పేర్లు

మొన్న సాయంత్రం మా ఆవిడ రైతుబజారు నుంచి వస్తూ మల్లెపూలు తెచ్చింది. దీపం పెట్టి, రెండు అగరొత్తులు వెలిగించి, పూలు తడిగుడ్డలో చుట్టి దేవుడి అరుగు మీద పెట్టింది. ఆ రెండు వాసనలూ కలిసి హాల్లోకి వచ్చేసరికి నేను చదువుతున్న పేపరు ఒళ్ళో పడిపోయింది.

చాలామందికి ఆ వాసన అంటే గుడి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం సిలువ గుర్తుకొస్తుంది. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో బినొండో అనే పాత చైనా పేట ఉంది. అక్కడ ఓంగ్‌పిన్ వీధి దగ్గర ఆరుబయటే ఒక సిలువ ఉంటుంది. దానికి మల్లెదండలు వేస్తారు. ముందున్న బూడిద పాత్రలో అగరొత్తులు గుచ్చుతారు. దారిన పోయేవాళ్ళు ఆగి, చేతుల్లో అగరొత్తులు పట్టుకుని మూడుసార్లు వంగి, ఆ తరువాత సిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోతారు. ఆ మల్లెల్ని వాళ్ళు సంపగీతా అంటారు. పేరే వేరు, పువ్వు మాత్రం మన బొడ్డుమల్లే.

ఆమా పోయిందన్న కబురు అంతకు మూడు రోజుల ముందే వచ్చింది. "అయ్యో" అనుకుని ఫోను పక్కన పెట్టి ఆఫీసు పనిలో పడ్డాను. అప్పుడు ఏడుపు రాలేదు. ఈ వాసనకు వచ్చింది.

మళ్ళీ ఫోను తీసి, ఆమా మనవరాలు శోబే పంపిన ఫోటో చూశాను. అక్కడి చైనీస్ దినపత్రికలో వేసిన సంతాప ప్రకటన అది. పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఆమా బాప్తిస్మం పేరు, దాని చివర "తాన్". కింద నిలువుగా మూడు చైనీస్ అక్షరాలు. ఆ రెంటికీ పోలికే లేదు. పత్రికలో లేని మూడో పేరుతోనే మేమంతా పిలిచేవాళ్ళం. ఆమా. అంటే నాయనమ్మ.

*

నన్ను హైదరాబాదులోని ఒక మందుల కంపెనీ మనీలా పంపింది. మా మాత్రలు అక్కడ హోల్‌సేల్‌గా అమ్మిపెట్టే కుటుంబం బినొండోలో ఉండేది. కింద కొట్టు, పైన ఆఫీసు, ఆ పైన ఇల్లు. ఇంటి వెనకవైపు ఒక చిన్న గది నాకిచ్చారు. వెళ్ళేటప్పుడు ఆరు నెలలన్నారు. నాలుగేళ్ళు ఉన్నాను.

తెల్లారకముందే బినొండో చర్చి గంటలు వినిపించేవి. తరువాత కింద ఇనుప షట్టర్లు పైకి లేచే గరగర. కాసేపటికి గుర్రపు డెక్కల చప్పుడు. మన జట్కా లాంటి బండ్లు అక్కడ ఇంకా తిరిగేవి, కలేసా అంటారు. మొదటిరోజు ఆ చప్పుడుకు లేచి, చిన్నప్పటి తెనాలి స్టేషను రోడ్డులో ఉన్నాననుకున్నాను. ఆ వెనకే హోపియా కాల్చే వాసన. హోపియా అంటే పెసరపప్పు పూర్ణం పెట్టిన పొరలపొరల బిళ్ళ. దాంతోపాటే పక్కనున్న మురికికాలవ కంపు కూడా వచ్చేది. ఆ రెండూ కలిస్తేనే బినొండో.

నన్ను ఆమాకు పరిచయం చేసిన రోజు బాగా గుర్తుంది. ఆవిడ కొట్టులో గల్లాపెట్టె పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, పూసల చట్రం మీద లెక్క వేస్తోంది. టకటకా పూసలు కదులుతున్నాయి. లెక్క పూర్తయ్యేదాకా తలెత్తలేదు. అయ్యాక "పేరేంటి?" అంది. నా అసలు పేరు ఆవిడ నోటికి ఎక్కలేదు. ఇంటిపేరు చెప్పాను, కొల్లిపర అని. ఆవిడ మొదటి రెండక్షరాలు పట్టుకుని "కో... లీ..." అంది. మళ్ళీ "కో! లీ!" అని గట్టిగా నవ్వింది.

మనవరాలు శోబే నవ్వుతూ విడమరిచి చెప్పింది. కో ఒక చైనా ఇంటిపేరట, లీ ఇంకో ఇంటిపేరట. "నీకు రెండున్నాయి అంటోంది మా ఆమా. నువ్వు లన్నాంగే అంటోంది" అంది. ఫుజియన్ రాష్ట్రం నుంచి వచ్చిన ఈ చైనావాళ్ళు మాట్లాడేది హొక్కియెన్. ఆ భాషలో వాళ్ళను వాళ్ళు లన్నాంగ్ అనుకుంటారు. అంటే "మన మనుషులు". ఊరు కాని ఊళ్ళో మొదటిరోజే ఆ మాట వినడం నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఆ నాలుగేళ్ళూ ఆ ఇంట్లో నా పేరు కోలీ.

శోబే కూడా అసలు పేరు కాదు, చెల్లెలు అని అర్థం. తమ్ముడు శోతి. పెద్దన్న ఆహ్యా, అక్క ఆచీ. ఇంట్లో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం నేను వినలేదు. మన ఇళ్ళల్లో పెద్దన్నయ్య, చిన్నక్క అన్నట్టే. బయట ఫిలిప్పీన్స్ జనం అన్నను కూయా అంటారు, అక్కను ఆతె అంటారు. రెండో అన్న దీకో, మూడో అన్న సాంగ్కో. ఈ మాటలన్నీ హొక్కియెన్ నుంచే అక్కడి తగాలోగ్ భాషలోకి వచ్చాయని కొన్నాళ్ళకు తెలిసింది. జీపు ఎక్కితే కండక్టరు కుర్రాడు నన్ను "కూయా" అనేవాడు. ఎన్ని వందల ఏళ్ళు పక్కపక్కనే బతికితే ఒక జాతి ఇంకో జాతి నుంచి "అన్న" అనే మాటను తెచ్చుకుంటుందో అనిపించేది.

*

అక్కడ ఉండడానికి గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఫారంలో ఇంటిపేరు, పేరు, నడిమి పేరు అని మూడు గళ్ళు. నాకు నడిమి పేరు లేదని చెప్పాను. కౌంటరులో అమ్మాయి ఒప్పుకోలేదు. "మీ అమ్మ పెళ్ళికి ముందు ఇంటిపేరు ఏమిటి?" అంది. చెరుకూరి అన్నాను. దాన్ని తీసుకెళ్ళి నడిమి గడిలో రాసేసింది. అక్కడ అందరికీ అంతే. ముందు పేరు, నడుమ తల్లి పుట్టింటి ఇంటిపేరు, చివర తండ్రి ఇంటిపేరు. తల్లి ఇంటిపేరు పిల్లల పేర్ల మధ్యలో ఉంటుంది.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి మాటల్లో ఈ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందనుకున్నాను.

"నా ఇంటిపేరు నీ కార్డులో రాశారా?" అంది.

"రాశారమ్మా."

"చెరుకూరి అనేనా?"

"అవునమ్మా."

పదహారేళ్ళకు పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆవిడను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. రేషన్ కార్డులో లేదు, ఓటరు లిస్టులో లేదు. కార్డు జిరాక్స్ తీసి పంపమంది. పంపాను. అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే ఆ కాగితం పట్టుచీర మడతల్లో దొరికింది. నలగకుండా, మరకలేవీ లేకుండా, నాలుగు మడతలుగా.

ఈ మాట ఆమాతో చెప్పినప్పుడు ఆవిడ పూసలు ఆపి, "మాకైతే పోదు" అంది. చైనా పద్ధతిలో ఆడదానికి పెళ్ళయినా తండ్రి ఇంటిపేరే ఉంటుందట. ఫిలిప్పీన్స్ కాగితాల్లో ఆవిడ తాన్‌గారి భార్య. చైనా అక్షరాల్లో మాత్రం తన తండ్రి కూతురు. "ఆ పేరు ఎక్కడుంది ఆమా?" అని అడిగాను. "ఉంది. ఒకరోజు చూపిస్తాలే" అంది.

*

పేర్ల గురించి నాకు సగం పాఠం చెప్పింది ఆ కొట్టు గుమాస్తాగారు. అప్పటికే డెబ్బై దగ్గర. చైనా మనిషి కాదు, బికోల్ ప్రాంతంలోని ఓయాస్ ఊరివాడు. అద్దాలు ముక్కు చివరకు జారేసుకుని, ఇన్‌వాయిసులు ఒక్కొక్కటే వేలితో చదివేవారు. నేను మొదట్లో ఖాతాదారుల పేర్లు తప్పు రాసేవాణ్ణి. ఒకే మనిషిని చెక్కు మీద ఒకలా, మాటల్లో ఇంకోలా పిలిచేవాళ్ళు. ఏది ఇంటిపేరో, ఏది పేరో తేలేది కాదు. ఒకసారి నా పొరపాటు వల్ల ఒక పెద్ద సరుకు వారం రోజులు గోడౌన్లోనే ఉండిపోయింది. ఆ టెన్షన్‌లో ఉంటే ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"చూడు కోలీ, ఒక్క ముక్క ఇంటిపేరైతే వాళ్ళు ఈమధ్య వచ్చినవాళ్ళు. తాన్, లిమ్, సీ, ఊయ్, చువా, ఓంగ్. పొడుగ్గా ఉండి చివర 'కో' వస్తే వాళ్ళ తాతముత్తాతలు స్పెయిన్ వాళ్ళ కాలంలోనే వచ్చారన్నమాట" అన్నారు. కోహ్వాంగ్‌కో, యూచెంగ్‌కో, తాన్హువాట్కో అని కాగితం మీద రాసి చూపించారు.

ఆ చివరి "కో" అంటే హొక్కియెన్‌లో అన్న. గౌరవానికి పేరు చివర తగిలించేది. దేశాధ్యక్షురాలిగా చేసిన కొరజోన్ అకినో పుట్టింటివాళ్ళు కోహ్వాంగ్‌కోలు. ఆవిడ ముత్తాత అసలు పేరు కో యూ హ్వాన్. కో ఇంటిపేరు, యూ హ్వాన్ పేరు. జనం దానికి ఇంకో "కో" కలిపి గౌరవంగా పిలిచారు. మొత్తం ఒకే మాటగా రాసేసరికి అది వంశం మొత్తానికీ ఇంటిపేరైపోయింది. 1988లో అకినో చైనా వెళ్ళినప్పుడు ఫుజియన్‌లోని హొంగ్‌జియాన్ అనే ఆ ముత్తాత ఊరికి వెళ్ళి వచ్చింది.

నాకు అది టక్కున అర్థమైంది. తెలుగువాడికి అర్థం కానిదేముంది అందులో? మనకీ ఇంటిపేరే ముందు, పేరు తరువాత, చివర అన్న, గారు. మా తాతను ఊళ్ళో కొల్లిపర రామన్న అనేవారు. ఏ దొరో వచ్చి రిజిస్టరులో కొల్లిపరరామన్న అని కలిపి రాసి, ఇక మీ సంతానమంతటికీ ఇదే ఇంటిపేరు అంటే ఎలా ఉంటుందో, వాళ్ళకు జరిగింది అదే. గుమాస్తాగారికి ఈ ఉదాహరణ చెబితే ఎంత సంతోషించారో. ఆ తరువాత కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ "ఇండియాలో కూడా ఇంటిపేరు ముందేనట" అని చెప్పేవారు.

తన పేరు కథ కూడా చెప్పారు. 1849 నవంబరు 21న క్లావేరియా అనే స్పెయిన్ గవర్నర్ జనరల్ ఒక ఉత్తర్వు వేశాడు. అప్పటిదాకా ఫిలిప్పీన్స్‌లో చాలామందికి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. అన్నాదమ్ములకే వేర్వేరు పేర్లుండేవి, పన్నుల లెక్క తేలేది కాదు. అందుకని అకారాది క్రమంలో ఇంటిపేర్ల పుస్తకం ఒకటి అచ్చేసి ఊళ్ళకు పంచారు. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నామని చూపించినవాళ్ళను మాత్రం వదిలేశారు. కొన్నిచోట్ల ఒక ఊరికి ఒక అక్షరమే వచ్చింది. "మా ఓయాస్‌లో ఎవరిని అడిగినా 'ఆర్'తోనే మొదలవుతుంది. నాదీ అంతే. పుస్తకంలో ఏ పుట మా ఊరికొస్తే అది మా వంశం" అన్నారాయన. కోపంగా కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, మెల్లగా.

చైనావాళ్ళ సంతానంలో ఇంకా చిత్రమైనవి ఉన్నాయి. హొక్కియెన్‌లో "సున్" అంటే మనవడు. తువాసోన్ అంటే పెద్ద మనవడు, దిసోన్ అంటే రెండో మనవడు, లక్సోన్ ఆరో మనవడు అని చెబుతారు. ఒకప్పుడు ఇంట్లో పిలిచిన వరస ఇప్పుడు ఫోను డైరెక్టరీలో పేజీలకు పేజీలు నిండి ఉంది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళది ఇంకో దారి. జ్ఞానతండ్రిగా నిలబడ్డ స్పెయిన్ మనిషి ఇంటిపేరు తీసుకునేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో మనీలా చైనావాళ్ళకు పెద్దగా ఉన్న తాన్ క్యెన్ సియెన్ అలాగే కార్లోస్ పలాంకా అయ్యాడు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హొసే రిజాల్‌కు తండ్రి వైపు మూలపురుషుడు కూడా ఫుజియన్ నుంచి వచ్చినవాడే. 1697లో మనీలా గోడల బయట చైనావాళ్ళు ఉండే పరియాన్ చర్చిలో బాప్తిస్మం పొంది దొమింగో లామ్‌కో అయ్యాడు. మళ్ళీ ఆ "కో". తరువాత ఆ కుటుంబం మెర్కాడో అని ఇంటిపేరు పెట్టుకుంది. మెర్కాడో అంటే బజారు. వ్యాపారం చేసుకునేవాళ్ళు తమకు తాము ఎంచుకున్న పేరది. ఆ మాట అన్నప్పుడు గుమాస్తాగారు కొట్టు బయట జనాన్ని చూపించారు.

ఆయనకు దేవుడంటే మాత్రం వాషింగ్టన్ సైసిప్. ఆ దేశంలో లెక్కల వృత్తికి పెద్దదిక్కు. 1921లో ఆయన పుట్టినప్పుడు తండ్రి అమెరికాలో వాషింగ్టన్ నగరంలో ఉన్నాడు. అందుకని కొడుక్కి ఆ పేరు పెట్టేశారు. అదే ఏడాది, చైనా వర్తకులు తమ భాషలో ఖాతాలు రాయకూడదని మనీలాలో చట్టం వచ్చింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. "లేకపోతే ఆమా చిట్టా పుస్తకం నేరమయ్యేది" అనేవారాయన. ఆమా చిట్టా నిండా నిలువు గీతల చైనా అంకెలు. దాన్ని ఆవిడ తప్ప ఎవరూ చదవలేకపోయేవాళ్ళు.

*

వానాకాలంలో తుఫాను పట్టినప్పుడు కరెంటు పోయేది. వీధంతా మోకాలి లోతు నీళ్ళు. కొట్టు మూసి, అందరం పైన కొవ్వొత్తి చుట్టూ చేరేవాళ్ళం. ఆమా అల్లం వేసిన వేడి గంజి పోసేది. అలాంటి ఒక రాత్రి ఆంగ్‌కోంగ్ సంగతి చెప్పింది. ఆంగ్‌కోంగ్ అంటే తాత. ఆమా భర్త. నేను వెళ్ళేసరికే పోయారు. గోడ మీద ఫోటోలో చూడడమే.

"మేం తాన్ కాదు" అంది ఆమా. "లిమ్."

శోబే అనువాదం చేస్తూ ఒక్క క్షణం ఆగింది. తెలియక కాదు, బయటివాడి ముందు ఆమా ఆ మాట అన్నందుకు.

అమెరికా తన దేశంలో చైనావాళ్ళను రానివ్వకుండా చేసిన చట్టాన్ని 1902లో ఫిలిప్పీన్స్‌కు కూడా వర్తింపజేసింది. అప్పటికే అక్కడున్న వర్తకుల పిల్లలైతే రావచ్చు. కూలి పనికి వచ్చేవాళ్ళకు వీల్లేదు. ఫుజియన్ తీరంలో చూస్తే తిండి లేదు. అందుకని ఎవరో ఒక వర్తకుడి కొడుకునని కాగితాలు కొనుక్కుని వచ్చేవాళ్ళు. చిన్నప్పుడే పోయిన ఒక తాన్ పిల్లవాడి కాగితం ఆంగ్‌కోంగ్‌కు దొరికింది. అప్పటికాయనకు పద్నాలుగేళ్ళు.

"ఓడలో ఉన్నన్ని రోజులూ వాళ్ళ నాన్న పేరు మర్చిపోవడం నేర్చుకున్నాడు" అంది ఆమా.

రేవులో అధికారి ప్రశ్నలడుగుతాడు. నాన్న పేరేంటి, ఇంటి ముందు బావి ఏ దిక్కున ఉంది, అన్నదమ్ములెందరు. ఒక్కటి తప్పినా తిరుగు ఓడే. ఆ పిల్లవాడు ఎన్నడూ చూడని మనిషిని నాన్నా అని చెప్పి గట్టెక్కాడు. ముసలితనంలో కూడా నిద్రలో ఉలిక్కిపడి ఆ బావి దిక్కు చెప్పేవాడట. తూర్పు, తూర్పు అని.

ఆ తాన్ కుటుంబానికి ఏటా చైనా సంవత్సరాదికి మా ఇంటి నుంచి తికోయ్ పెట్టె వెళ్ళేది. తికోయ్ అంటే జిగురుబియ్యం పిండితో చేసే తీపి. గుండ్రంగా, బరువుగా, మన జున్నులా కదులుతూ ఉంటుంది. ఒక ఏడాది నేనే మోసుకెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయన తలుపు తీసి రెండు చేతులతో అందుకున్నాడు. పేరు అప్పిచ్చినవాళ్ళకు తీర్చే బాకీ అది. డబ్బెప్పుడో ముట్టింది కానీ ఈ బాకీ మాత్రం ఏటా ఉండేది.

తరువాత 1975 వచ్చింది. చైనాతో దౌత్య సంబంధాలు పెట్టుకోవడానికి రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, అధ్యక్షుడు మార్కోస్ ఒక ఉత్తర్వుతో చైనావాళ్ళకు పౌరసత్వం సులువు చేశాడు. అప్పటిదాకా అక్కడే పుట్టినా విదేశీయులే, కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. ఆ అదనులో చాలామంది పేర్లు సరిచేసుకున్నారు, కొందరు స్పానిష్ పేర్లు పెట్టుకున్నారు. ఇంట్లో పెద్దకొడుకు "మళ్ళీ లిమ్ అవుదామా నాన్నా?" అని అడిగాడట. ఆంగ్‌కోంగ్ రెండు రోజులు ఆలోచించి వద్దన్నాడు. "బోర్డు మీద తాన్, బ్యాంకులో తాన్. ఆ చచ్చిపోయిన పిల్లాడి పేరు మనకింత అన్నం పెట్టింది. ఇప్పుడు తీసేస్తే వాడు మళ్ళీ చచ్చిపోతాడు" అన్నాడట.

ఆ రాత్రి గంజి చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

*

కాగితం పేరు కాగితానికే. ఇంటి లోపల లిమ్ ఎక్కడికీ పోలేదు. ఆమా చిన్నకొడుకు కాలేజీలో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ అమ్మాయి ఇంటిపేరు లిమ్. చైనావాళ్ళలో ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోరు. బయటివాళ్ళకు చూస్తే తాన్ అబ్బాయి, లిమ్ అమ్మాయి, అడ్డేముంది? ఇంట్లో మాత్రం అన్నాచెల్లెళ్ళు. ఆ పెళ్ళి జరగలేదు. ఆయన తరువాత వేరే అమ్మాయిని చేసుకున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ గుమాస్తాగారు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు.

నాకు అన్యాయం అనిపించింది. కానీ మా అక్కకు వచ్చిన మంచి సంబంధం ఒకటి గోత్రం కలిసిందని వదిలేశాం. అప్పుడు ఇంట్లో ఎవరం నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బినొండోలో ఇంటిపేర్ల సంఘాలకు భవనాలున్నాయి. మెట్లెక్కి పైకి వెళితే మూలపురుషుడి బొమ్మ, ధూపం, గోడ నిండా పెద్దల ఫోటోలు. ఆరు వేర్వేరు ఇంటిపేర్ల వాళ్ళు ఒకే తండ్రి సంతానమని కలిసి పెట్టుకున్న లియు గుయ్ తాంగ్ అనే సంఘం కూడా ఉంది. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటే అన్నట్టు. ఆంగ్‌కోంగ్ బతికున్నన్నాళ్ళూ లిమ్ సంఘం విందుకు వెళ్ళేవాడట. జేబులో ఉన్న కార్డులో మాత్రం తాన్.

పిల్లల పేర్లలో కూడా ఒక కట్టుబాటు ఉండేది. ఆమా కొడుకులు ముగ్గురికీ చైనా పేర్లలో నడిమి అక్షరం ఒకటే. అది తరానికొక అక్షరం చొప్పున ఊళ్ళో పూర్వీకులు రాసిపెట్టిన పద్యం లోనిది. పద్యంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని తరాలు. కొత్తగా ఎవరు పరిచయమైనా ఆ అక్షరం చూసి బాబాయి వరసా, మనవడి వరసా చెప్పేయవచ్చట. శోబేకు బడిలో రెండు పేర్లుండేవి. మామూలు క్లాసుల్లో ఇంగ్లీషు పేరు, చైనీస్ క్లాసులో చైనా పేరు. "చైనీస్ టీచరు పిలిస్తే ఒక్కోసారి పలికేదాన్ని కాదు. నన్నని తట్టేది కాదు" అనేది.

*

నవంబరు ఒకటిన అక్కడ సమాధుల పండగ. మన కోస్తాలో క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి పూలు పెట్టినట్టే, ఊరు ఊరంతా శ్మశానాలకు కదులుతుంది. మా ఇంటివాళ్ళతో నేనూ మనీలా చైనీస్ సెమెటరీకి వెళ్ళాను. అది శ్మశానంలా ఉండదు. వీధులున్నాయి. వీధుల వెంట సమాధుల మీద ఇళ్ళు కట్టారు. గేట్లు, కిటికీలు, కొన్నిటికి మేడలు, వంటగదులు కూడా.

మా వాళ్ళది చిన్నది. మడత కుర్చీలు వేసుకున్నారు. పిల్లలు కొవ్వొత్తుల మైనం ఉండలు చుడుతున్నారు. కోడళ్ళు లుంపియా చుడుతున్నారు, పలుచని రొట్టెలో కూర, పల్లీల పొడి, చక్కెర. ఒకాయన జపమాల చెబుతున్నాడు, ఇంకొకాయన అగరొత్తులు వెలిగిస్తున్నాడు. ఆంగ్‌కోంగ్ సమాధి రాయి మీద ఇంగ్లీషులో తాన్ అని ఉంది. పైన ఊరి పేరు. మధ్యలో బంగారు రంగు వేసిన మూడు చైనా అక్షరాలు.

శోబే మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. రెండు చెట్లు పక్కపక్కన నిలబడినట్టున్న అక్షరం.

"లిమ్" అంది. "అంటే అడవి. ఇక్కడ మాత్రం అబద్ధం చెప్పలేదు మా ఆంగ్‌కోంగ్."

ఆ పక్కనే ఇంకో మూడు అక్షరాలున్నాయి, ఎర్ర రంగులో. నేను అడిగేలోపే ఆమా లేచి, కర్ర ఆనించుకుంటూ వచ్చింది.

"చూపిస్తానన్నానుగా" అంది. "ఇదే నేను."

ఒళ్ళు జలదరించింది. బతికున్న మనిషి తన సమాధి మీద తన పేరు చూపించడం ఎన్నడూ చూడలేదు. ఆవిడ మాత్రం పెళ్ళిపత్రికలో పేరు చూపించినంత మామూలుగా ఉంది. భార్యాభర్తల్లో ఒకరు పోతే రెండోవారి పేరు కూడా అప్పుడే చెక్కిస్తారు. బతికున్నవాళ్ళ పేరుకు ఎర్ర రంగు. పోయాక బంగారు రంగు. మొదటి అక్షరం మీద బొటనవేలితో మట్టి తుడిచింది.

"మా నాన్న ఇంటిపేరు" అంది. "యాప్. నన్ను కాగితాల్లో ఎవరేం రాసుకున్నా, ఇక్కడ ఇదే."

ఆ పేరు ఆవిడ నోటి నుంచి నేను విన్నది ఆ ఒక్కసారే. నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. "చెరుకూరి అనేనా?" అని అడిగిన గొంతు.

*

నేను తిరిగి వచ్చేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోను విడిభాగాలు అమ్ముతున్నారట. గుమాస్తాగారు ఎప్పుడో పోయారు. శోబే పెళ్ళి చేసుకుని క్వెసోన్ సిటీలో ఉంటోంది. ఆమె కూతురి పేరులో నడుమ "తాన్" ఉంది. పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు ఓడలో బట్టీ పట్టిన పేరు అలా ఇంకో తరానికి వెళ్ళింది.

నిన్న ఫోన్ చేశాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆమా తొంభై ఆరేళ్ళు బతికిందని, చివరి నెలల్లో తగాలోగ్ పూర్తిగా మరిచిపోయి ఒక్క హొక్కియెనే మాట్లాడిందని చెప్పింది. నన్ను అడిగిందట ఒకసారి, కో లీ వచ్చాడా అని. అక్కడున్న నర్సు ఎవరో చైనా బంధువు అనుకుందట.

పెట్టేముందు సమాధి ఫోటో పంపమన్నాను. ఇవాళ పొద్దున వచ్చింది. మేస్త్రీ ఎర్ర రంగు గీకేసి బంగారు రంగు వేశాడు. ఆంగ్‌కోంగ్ అక్షరాలు పాతబడి మసకేశాయి, ఆమావి కొత్తగా మెరుస్తున్నాయి. ఫోటో పెద్దది చేసి చూశాను. యాప్ అనే అక్షరంలో, అన్నిటికంటే కింద ఉన్న గీత లోతుగా చెక్కినట్టున్నారు. ఆ మూలకు మేస్త్రీ కుంచె అందలేదు. అక్కడ ఇంకా కొంచెం ఎరుపు ఉంది.